రషీదా ఖాళీ డెస్క్‌టాప్

2003 జూన్, మంగళవారం రాత్రి

అబద్ధమాడింది మీరే, మేనేజరు గారూ. టైపిస్టు రషీదా పనే చేయలేదని మెమో ఇచ్చారు. ఆమె సీటు మార్చి వేరే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఎవరు?

మీ ఆఫీసర్లకు రోమింగ్ ప్రొఫైల్. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా సర్వర్ నుంచి ఫైళ్లు వెంట వస్తాయి. టైపిస్టులది లోకల్ ప్రొఫైల్. చేసిన చాకిరీ అంతా పాత కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, కొత్తదాంట్లో డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తుంది.

ఆ పాత కంప్యూటర్ ఏదని యూనియన్ తరఫున నేను అడిగితే, "దాన్ని ఇబ్రహీంపట్నం బ్రాంచికి పంపేశామండీ, పొద్దున్నే ఫార్మాట్ చేసేస్తారు" అన్నారు, టీ చప్పరిస్తూ.

గుమ్మం దాటాక రషీదా అంది: "అది చెరిపేస్తే నా ఉద్యోగం పోయినట్టే అన్నయ్యగారూ. ఉపన్యాసం తర్వాత, ముందు బస్సెక్కండి."

మొదటి బస్సుకే వెళ్తాను. ఈలోగా చెరిపేస్తే...

అడగాల్సినవి:
ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకూడదు.
రషీదా ఫైళ్లు తీసివ్వాలి.
మెమో రద్దు చేయాలి.
టైపిస్టులకూ రోమింగ్ ప్రొఫైల్ ఇవ్వాలి.