వెర్నా అడిగిన మాట

వెర్నా,

విడాకుల తర్వాత నీకు రాయడం ఇదే మొదలు. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

నేను వేషాలు మానేశాను. గుర్రం మీంచి దూకే వయసు దాటిందని స్టూడియో వాళ్లు అనకముందే దర్శకత్వంలోకి దిగాను. మొదటి సినిమా షూటింగు మొన్ననే లోన్ పైన్ ఎడారిలో పూర్తయింది.

అందులో షెరీఫు ఎన్నికలో ఓడిపోయి వచ్చిన భర్తకు భార్య తలుపు తీసే ఘట్టం ఉంది. రచయిత ఆమెకు పేజీడు మాటలు రాశాడు. ఆ వేషం వేసిన రోజ్‌లిన్ ఎంత ఏడ్చినా నాకు తృప్తి కలగలేదు. చివరికి, "ఏడవకమ్మా. అతని టోపీ అందుకుని, 'ఏమైనా తిన్నావా?' అని అడుగు, చాలు" అన్నాను. నేను హీరోగా వేసిన తొలి సినిమా ఫ్లాపయిందని తెలిసిన సాయంత్రం, గుమ్మంలో నువ్వు నన్నడిగింది అంతే కదా!

రోజ్‌లిన్ అలాగే అడిగింది. నేను కట్ చెప్పడం మరిచిపోయాను.

"ఏం గురూ, ఫిల్ము మొత్తం అయిపోయేదాకా తిప్పమంటావా?" అని కెమెరామన్ ఎమెట్ అరిచాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం అటు తిరిగి నిలబడ్డాను.

ఆ మాట నీది. నిన్నడక్కుండా వాడుకున్నాను. ఉంచమంటే ఉంచుతాను, తీసేయమంటే తీసేస్తాను. ఏదైనా సరే, ఉత్తరంలో మాత్రం రాయకు వెర్నా. ఫోన్ చేసి చెప్పు.