బొరియ ఉన్న రెండెకరాలు

కాలిఫోర్నియాలో హోలిస్టర్ దగ్గర వాల్‌నట్ తోట సాగు చేసుకుంటున్న జొన్నకూటి దైవాశీర్వాదం అనే నేను, అరవై రెండేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి బాగానే ఉంది. మరుపే రావడం లేదు.

1. ఇల్లు, వాల్‌నట్ తోట సన్నీవేల్‌లో ఉంటున్న నా కూతురు మణికి. ఈ వీలునామా అమలు చేయాల్సిందీ ఆమే. తోట అమ్ముకున్నా నేనేమీ అనుకోను.

2. నా భార్య, కీర్తిశేషురాలు విమలకుమారి కుట్టుమిషను, పాటల పుస్తకం కూడా మణికే. పుస్తకంలో దాచిన ఎండుటాకులు పారేయొద్దు.

3. ట్రాక్టర్ ఎవరికీ ఇవ్వను. తుక్కు కింద అమ్మేయండి. 1984లో తోట పక్క గుట్ట మీద దాని చక్రం, బ్యాడ్జర్ అనే చిన్న కుక్కంత జంతువు తవ్వుకున్న బొరియలో దిగబడి, బండి బోల్తాపడింది. నడుపుతున్న కృష్ణమూర్తి కాలు విరిగింది. అతను నా హాస్టల్ స్నేహితుడు, అప్పట్లో ఈ తోటలో సగం వాటాదారు. ఆస్పత్రి మంచం మీద నుంచే, “ఆ బొరియలో గ్యాస్ పెట్టి దాన్ని క్లోజ్ చేసేయ్. నీకు నేను కావాలా, అది కావాలా, డిసైడ్ చేసుకోరా” అన్నాడు. నేను పెట్టలేదు. తన వాటా నాకే అమ్మేసి శాంటా క్లారా వెళ్లిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడట.

4. కృష్ణమూర్తీ, ఇది నీకు. 1980 ఏప్రిల్లో నువ్వు ఇండియా వెళ్లినప్పుడు గుట్ట మీద మొదటిసారి బొరియ చూసి పందికొక్కుదే అనుకున్నాను. మా నాన్న వరిచేలో చేసినట్టు కుండలో గడ్డీ ఎండుమిరపకాయలూ వేసి పొగ ఊదాను. మర్నాడు తవ్వితే తల్లి బ్యాడ్జర్, మూడు పిల్లలు చచ్చిపడి ఉన్నాయి. పిల్లలకింకా కళ్లే తెరుచుకోలేదు. మన చెట్లను కొరికే నేల ఉడతల్ని తిని బతికే జంతువులవి. ఆ ఏడాది ఉడతలు నలభై మొక్కల్ని చంపేశాయి. నీతో తెగులని అబద్ధం చెప్పాను. అందుకే నువ్వు గ్యాస్ పెట్టమన్నప్పుడు, రెండోసారి ఆ పని చేయడానికి నాకు చేతులు రాలేదు. సిగ్గుపడి ఆ మాట నీకు చెప్పనూ లేదు. క్షమించు.

5. గుట్ట మీది రెండెకరాలు కృష్ణమూర్తికి. అక్కడ ఇప్పుడూ ఒక బ్యాడ్జర్ ఉంది. ఈ జంతువులు తగ్గిపోతున్నాయనీ, దున్నకూడదని షరతు పెట్టమనీ లాయరు చెప్పాడు. రాశాను, కొట్టేశాను. అక్కడ కాలు విరగ్గొట్టుకున్నవాడికి షరతులు పెట్టే మొహం నాకు లేదు. దున్నుతావో, పూడుస్తావో, వదిలేస్తావో నీ ఇష్టం. పొద్దుగూకే వేళకు అది బయటికొస్తుంది. విమల పోయాక నేను రోజూ చూసే ప్రాణి అదొక్కటే. చాలా ఒంటరిగా ఉందిరా. నేనుండగా నిన్ను పిలవలేకపోయాను. ఏం చేసినా, మనిషిని పంపకుండా నువ్వే వచ్చి చెయ్యి.

1987 మే 9, హోలిస్టర్.

(సంతకం) జొన్నకూటి దైవాశీర్వాదం

సాక్షులు:
పాస్టర్ అబ్రహాం
వసుమతి, లాయరు ఆఫీసులో టైపిస్టు, ఈరోజే పరిచయం