జిమ్మీ తెచ్చిన బాతు

నాన్నగారూ,

చేపల చెరువుల గట్లు కొట్టేశాక కొల్లేరు నీళ్లు మళ్లీ మన ఊరి దాకా వచ్చాయి. వాటి వెంట బాతులు మేపేవాళ్లూ వచ్చారు.

మీరు పోయినప్పటి నుంచి మీ వేటకుక్క జిమ్మీ అన్నం సరిగా ముట్టడం లేదు. ఈ ఉదయం మందలోంచి ఒక బాతును నోట కరుచుకొచ్చి, వేటరోజుల్లోలాగే వసారాలో మీ కుర్చీ ముందు నిలబడింది. నేనడిగితే వదల్లేదు.

జిమ్మీని ఏనాడూ గడప తొక్కనివ్వని అమ్మ వచ్చి, మీ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"ఆయన లేరురా. నాకిచ్చెయ్యి."

ఇచ్చేసింది.

బాతు కోసం వచ్చినతను తిప్పి తిప్పి చూసి, "పంటిగాటైనా లేదండీ" అన్నాడు.

"మావారు అలా నేర్పారండీ" అంది అమ్మ.

తర్వాత పెరుగన్నం కలిపి, గిన్నె వంటింట్లోనే పెట్టింది. జిమ్మీ గడప దగ్గర కాసేపు ఆగి, లోపలికి వెళ్లి తిన్నది.