సర్వే నెంబరు 318లో మనుషులున్నారని మనవి

శ్రీయుత రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

తాడిపత్రి వాస్తవ్యురాలు, ప్రస్తుతం బెంగుళూరులోని ఒక పరిశోధన సంస్థలో పనిచేయుచున్న డాక్టర్ పి. రూతు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ముదిగుబ్బ దాపున గల గుండ్లమిట్టపల్లి గ్రామం, సర్వే నెంబరు 318 నందు పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పదకొండు ఎకరాల డి-పట్టా భూమిని సాగులో లేదను కారణముతో వెనుకకు తీసుకొనుటకు జారీ అయిన నోటీసు – అందుకు ఆధారముగా జతపరచిన నా పరిశోధన పత్రం అసత్యమని తెలియజేసుకొనుట – గురించి.

అయ్యా,

1. నేను అంగారక గ్రహం మీది రాళ్లను, మట్టిని చదివే పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. అక్కడ తిరిగే యంత్రాలు పంపే ఫొటోలు, కొలతలే మాకు ఆధారం. ఒకప్పుడు ఆ గ్రహం మీద నీళ్లు పారి, తర్వాత ఎండిపోయాయి. ఎండిన ఏటి అడుగున గులకరాళ్లూ మట్టీ కలిసి ఎట్లా గట్టిపడ్డాయో తెలియాలంటే, అలాంటి నేలను మన భూమి మీద వెతికి పోల్చి చూసుకోవాలి. సదరు 318 పడమటి అంచున ఎకరంన్నర మేర అలాంటి పాత ఏటి అడుగు బయటపడి ఉన్నది. నాగలి దిగని నేల అది. మిగిలిన తొమ్మిదిన్నర ఎకరాలు చెనిక్కాయ (వేరుశనగ), కంది పండే ఎర్రనేల. ఈ తేడా నాకు మొదటి రోజే తెలుసు. మా నాయన తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే కూలీ. రాయి ఎక్కడ ఆగి మట్టి ఎక్కడ మొదలవుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. తెలియక రాశానని తమరు అనుకోకూడదని ఈ సంగతి ముందుగా విన్నవించుకుంటున్నాను.

2. సదరు భూమి పాపన్న, ఆయన తమ్ముళ్లు ఇద్దరు, వెరసి మూడు కుటుంబాల అనుభవంలో ఉన్నది. 2022 మే నెలలో ఇరవై మూడు రోజులు నేను పాపన్న ఇంట్లోనే ఉన్నాను. ఆయన భార్య చిన్నక్క రోజూ సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి గుడ్డలో కట్టి మిట్ట మీదికి తెచ్చి ఇచ్చేది. సాయంత్రం ప్రార్థనలో వాన కోసం అడిగాక, "మా రూతు పాప పని నెరవేర్చు తండ్రీ" అని కూడా అడిగేది. నేను ఆమెను పెద్దమ్మా అని, ఆయనను పెద్దనాయనా అని పిలిచాను.

3. మా పరిశోధనకు నిధులిచ్చిన వారి నిబంధన ప్రకారం కనీసం పదెకరాల నేల ఉండాలి. అందులో మనుషుల చేయి, పశువుల అడుగు పడి ఉండకూడదు. నాకు దొరికింది ఎకరంన్నర. నాలుగేళ్లు వెతికి వెతికి అలిసిపోయి ఉన్నాను. మే నెల కావడంతో పైరు లేదు, నేల ఖాళీగా ఉంది. ఫొటోలు తీసే రోజున పాపన్నను అడిగి గొర్రెల దొడ్డి ముళ్లకంప తీయించాను. గట్ల మీది రాళ్లు పక్కకు జరిపించాను. అరవై దాటిన మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ పని చేశాడు.

"ఏంటికమ్మా ఇదంతా?" అన్నాడు.

"నేను చదివే ఆ ఎర్ర చుక్క మీద ఇవేవీ ఉండవు పెద్దనాయనా. ఫొటోలో కనపడకూడదు."

"గొర్రెలు?"

"అవీ కనపడకూడదు."

గొర్రెలను వంకలోకి తోలి వచ్చి నిలబడ్డాడు. నవ్వుతూ, "నేను గూడా కనపడగూడదా ఏమి?" అన్నాడు.

"మీరు కూడా" అన్నాను.

ఆయన పోయి పెద్ద రాతి గుండు వెనక కూర్చున్నాడు. ఆ ఎండలో గంటకు పైగా కూర్చున్నాడు. "అయిపాయనా పాపా?" అని రెండుసార్లు అక్కడి నుంచే అడిగాడు. "ఇంకొంచెం" అన్నాను.

4. ఆ నేల నుంచి ముప్పై ఆరు సంచుల మట్టి నమూనాలు తీసుకుపోయాను. పరీక్షలో ఇరవై తొమ్మిది సంచుల్లో చెనిక్కాయ వేళ్ల పోగులు, గొర్రె పెంట, కంది ఆకుల పొడి కనిపించాయి. అంటే అది ఏళ్ల తరబడి సాగులో ఉన్న నేల అని నా పరీక్షే చెప్పింది. ఆ ఇరవై తొమ్మిదింటినీ "కలుషిత నమూనాలు" అని రాసి పక్కన పెట్టాను. పడమటి అంచున తీసిన ఏడు సంచుల మీదనే పత్రం రాశాను. అందులో, "ఈ పదకొండు ఎకరాలలో సాగు లేదు, మేత లేదు, మానవ సంచారం లేదు" అన్న వాక్యం నాది. దాన్ని మూడుసార్లు తిరగరాసి, వినసొంపుగా చేశాను.

5. పత్రం అచ్చయింది. పత్రికల్లో ఆ ఫొటో కూడా వచ్చింది. నాకు పదోన్నతి వచ్చింది. సన్మానసభలో ఆ వాక్యం చదివినప్పుడు చప్పట్లు కొట్టారు.

6. ఈ జూన్ నెలలో చిన్నక్క నాకు ఫోన్ చేసింది.

"పాపా, ఆఫీసోళ్లు కాగితం ఇచ్చిపోయినారు. సోలారు పలకలకు మన సేను తీసుకుంటారంట. రెండేండ్లు వాన లేక పంట రాకపోతే బీడని రాసినారు. కానీ ఆ కాగితాల్లో నీ పేరు ఉండాది. ఫొటో గూడా ఉండాది. నీ పేరు చూసినంక ధైర్యమొచ్చింది. మా తట్టు ఏం రాసినావో సదివి సెప్పు. ఈడ ఎవురికీ ఆ ఇంగ్లీషు రాదు."

ఆమె మరిది కూతురు కాగితాల ఫొటోలు పంపింది. నోటీసుకు నాలుగో జత నా పత్రమే. సదరు వాక్యం కింద ఎర్ర గీత కొట్టి ఉంది. చదివాను. చిన్నక్కకు తిరిగి ఫోన్ చేసి, "చూసి చెప్తా పెద్దమ్మా" అన్నాను.

"నిదానంగానే సూడు. నువ్వుండావు కదా" అంది.

7. ఆ తర్వాత నలభై ఒక్క రోజులు నేను ఏమీ చేయలేదు. ఆమె ఆరుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లు ఎత్తలేదు. రెండుసార్లు ఎత్తి, పనిలో ఉన్నానని చెప్పాను. నిజం చెబితే పత్రం వెనక్కు తీసుకోవాలి. పత్రం పోతే ఉద్యోగం నిలవదు. ఈ లెక్క వేసుకోవడానికి నాకు నలభై ఒక్క రోజులు పట్టిందని రాయడానికి సిగ్గుగా ఉంది.

8. ఈలోగా జూలై నెలలో విచారణ జరిగింది. పాపన్న హాజరయ్యాడు. అధికారులు ఆ ఫొటో చూపించి, ఇందులో మీరెవరూ లేరు కదా అని అడిగారట. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "లేను సామీ. నేనే గుండు ఎనక కూర్చున్యా." గుమాస్తా రాసుకున్నది ఇది: "ఫొటో నాటికి సదరు భూమిలో తాను లేనని పాపన్న అంగీకరించెను." చదివి వినిపించకుండానే సంతకం పెట్టించుకున్నారని విన్నాను.

అది విన్న మరునాడు నేను బస్సెక్కి గుండ్లమిట్టపల్లికి వెళ్లాను. పాపన్న చేనులో కలుపు తీస్తున్నాడు. నోటీసు వచ్చినా ఆ కుటుంబాలు విత్తనం మానలేదు. నేను గట్టు మీద నిలబడి ఫొటో సంగతి, పత్రంలో రాసిన వాక్యం సంగతి చెప్పాను. ఆయన తల ఎత్తకుండా విన్నాడు.

"తప్పు నాది గూడా ఉండాదిలేమ్మా. దాక్కోమంటే దాక్కుంటి. నా సేన్లో నేను దాక్కునేదేంది? ఆ పొద్దు అంత బుద్ధి ల్యాకపాయ" అన్నాడు.

అయ్యా, ఆయన తప్పు ఏమీ లేదు. తనను నమ్మి వచ్చిన ఆడపిల్ల ఏదో చదువు కోసం అడిగిందని చేశాడు. ఈ ఒక్క మాట తమ రికార్డులో ఎక్కించవలెనని నా ముఖ్య ప్రార్థన. ఆయన కూర్చున్న చోటు నేను చూపించగలను. అక్కడ కూర్చోబెట్టింది నేను.

9. పత్రం ఉపసంహరించుకుంటున్నట్టు దాన్ని అచ్చువేసిన పరిశోధన పత్రికకు ఈ నెల నాలుగో తేదీన రాశాను. మా సంస్థకూ రాశాను. వారు నన్ను పరిశోధన బృందం నుంచి తప్పించి, సంజాయిషీ అడిగారు. సంజాయిషీ ఏదీ లేదని జవాబిచ్చాను.

10. గొర్రెలు, దొడ్డి, గట్లు, పాపన్న కనిపించే అసలు ఫొటోలు రెండు వందల పద్నాలుగు, ఇరవై మూడు రోజుల నా దినచర్య పుస్తకం, మట్టి పరీక్షల పూర్తి ఫలితాలు ఈ అర్జీకి జతచేశాను. పక్కన పెట్టిన ఇరవై తొమ్మిది సంచులు కూడా తెచ్చాను. తమ కార్యాలయంలో, "మట్టిని ఏ రిజిస్టర్లో ఎక్కించల్లమ్మా? ఇంటికి తీస్కపో" అన్నారు. అవి వరండాలోనే ఉన్నాయి. దయచేసి ఒకదాన్నయినా విప్పించి చూడవలెను.

కావున తాము నా పత్రమును ఆధారముల నుండి తొలగించి, పాపన్న వాఙ్మూలమును ఆయనకు చదివి వినిపించి తిరిగి నమోదు చేయించి, ఈ నెలలోనే స్వయముగా సదరు భూమిని తనిఖీ చేయవలెనని ప్రార్థన. చెనిక్కాయ ఇప్పుడు ఊడలు దిగే దశలో ఉన్నది. తమరు ఏ మూల నిలబడినా కాలి కింద పైరే ఉంటుంది. నా మీద చట్టప్రకారం తీసుకునే చర్యకు నేను అడ్డు చెప్పను.

ఇదంతా తెలిసి చేసినదానినని ఒప్పుకుంటూ, ఈ మనవిని తమరు చిత్తగింతురని వేడుకొంటూ,

తమ విధేయురాలు,
పి. రూతు

తా.క.: సంతకం పెట్టే ముందు ఈ అర్జీ మొత్తం తమ కార్యాలయం మెట్ల మీద కూర్చొని, నాతో వచ్చిన చిన్నక్కకు చదివి వినిపించాను. మట్టి సంచుల సంగతి వచ్చిన చోట ఆపమంది.

"అయితే ఇది సాగు నేలని నీకు ముందే తెలుసు."

"తెలుసు పెద్దమ్మా."

"నా సేతి సంగటి తినేటప్పుడు గూడా తెలుసు."

"తెలుసు."

ఆమె లేచి గేటు దాకా పోయింది. ఇంక రాదనుకున్నాను. కొంతసేపటికి వచ్చి బొటనవేలు చాపింది. సాక్షి సంతకం చోట ఉన్నది ఆమె వేలిముద్ర. వేస్తూ ఆమె అన్న మాట కూడా తమకు తెలియజేయడం న్యాయమని రాస్తున్నాను.

"రాసింది నిజమని ఏస్తాండా. నిన్ను మన్నించినానని గాదు."