నువ్వల్లిన దేశం కథ

చెల్లీ రూతూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం ఉదయగిరి చర్చిలో నా సండేస్కూలు పిల్లలకు నువ్వల్లిన దేశం కథ చెప్పాను. ఆ దేశంలో ఎదిగిన బిడ్డ తాను ఆడో మగో తానే చెబుతుంది. ఊరు కొత్త బట్టలు పెట్టి, కోరుకున్న పేరుతో పిలుస్తుంది.

సంఘపెద్ద తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "ఏందమ్మా, బిడ్డలకి మీ తమ్ముడి కతలా? ఇంకోసారి చెప్తే క్లాసు తీసేస్తాం."

"తీసేయండన్నా, మా వసారాలో చెప్తా. తమ్ముడు కాదు, నా చెల్లెలు."

పిల్లల వైపు తిరిగి "ప్రార్థన చేద్దాం" అన్నాను. ప్రార్థన కదా, ఆయనకూ తల వంచక తప్పలేదు. నిన్ను మాకిచ్చినందుకు, నువ్వు పెట్టుకున్న పేరుతోనే దేవునికి స్తోత్రం చెప్పాను. పిల్లలతోపాటు, అలవాటుగా, ఆయనా ఆమెన్ అన్నాడు. నేను విన్నాను.

నీ అక్క