తాంబూలం సంచి

మంగళవారం, గుడియాత్తం

సాయంత్రం పని నుంచి వస్తూ బజారులో సరుకుల అంగడికి వెళ్లాను. అక్కడిప్పుడు ప్లాస్టిక్ కవరుకు కూడా డబ్బులు తీసుకుంటున్నారు. నా ముందున్న పెద్దావిడకు అది నచ్చలేదు.

"ఇంత సామాను కొంటే కవరుకు వేరేగా దుడ్డా? ఇదేం న్యాయమప్పా?" అని బిల్లు వేసే అతన్ని అడిగి, రెండు గుడ్డ సంచులు బయటికి తీసింది. ఒకదాంట్లో తన సరుకులు నింపుకుంది. నా చేతిలో సంచి లేకపోవడం చూసి రెండోది నా వైపు చాపింది.

"ఇది తీసుకోమ్మా. ఎవురి పెండ్లిలో ఇచ్చినారో గుర్తు లేదు. సంచి మాత్రం గట్టిగా ఉండాది."

పసుపు గుడ్డ మీద తమిళ అక్షరాల్లో నా పేరు, పక్కనే ఆయన పేరు. ఆయన నన్ను వదిలేసి లత్తేరిలో వేరే కాపురం పెట్టి రెండేళ్లయింది.

"వద్దు పెద్దమ్మా, కవరే కొంటాను" అన్నాను.

"ఈ కాలం బిడ్డలకు దుడ్డంటే లెక్క లేదు" అని గొణుక్కుంటూ ఆమె వెళ్లిపోయింది.

నిజం చెప్పి ఉంటే కాసేపు నాతో నిలబడి మాట్లాడేదేమో. మా పెండ్లికి వచ్చినవాళ్లకు తాంబూలం పెట్టి అయిదు వందల సంచులు పంచాం. ఈ ఊళ్లో ఇంకా ఎన్ని ఇళ్లలో మేమిద్దరం పక్కపక్కనే ఉన్నామో...