సైలెన్సరు మీద లేచిన పూత

వదినా,

నువ్వు నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేనుండను. అన్నయ్య లేస్తే, తన పాత మోటార్‌ సైకిలు మీది దుప్పటి తీయనివ్వకు. సైలెన్సరూ మడ్‌గార్డులూ విప్పి తీసుకెళ్తున్నాను. టిఫిన్ అయ్యాక మందులు వెయ్యి.

నీకు చెప్పడానికి మొహం చెల్లడం లేదు. వాటికి క్రోమ్ పూత వేయించమని నువ్విచ్చిన డబ్బు పెద్ద షాపుకివ్వలేదు. వాళ్లు తుప్పంతా గీకి, రాగి పూత, నికెల్ పూత వేశాకే క్రోమ్ వేస్తారట, నెల పడుతుందన్నారు. సగం ధరకు రెండ్రోజుల్లో ఇస్తానన్నవాడికిచ్చాను. మిగిలిన సగంతో బూట్లు కొనుక్కుని, ఆఫీసులో ఇచ్చారని నీతో అబద్ధమాడాను.

నిన్న అన్నయ్య చేతికర్ర పక్కన పెట్టి, సైలెన్సరులో మొహం చూసుకుంటూ, "పాతికేళ్లు వెనక్కి తీసుకెళ్లావురా" అన్నాడు. తల దించుకున్నాను. మెచ్చుకుంటే మొహమాటపడ్డాననుకున్నాడు. ఈ పొద్దున తుడుస్తుంటే ఆ పూత ఉల్లిపొరలా లేచి గుడ్డకంటుకుంది. కింద తుప్పు ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు పెద్ద షాపుకే వెళ్తున్నాను. నా జీతంలోంచే వేయిస్తాను. అన్నయ్య అడిగితే నువ్వేమీ సర్దిచెప్పకు. సాయంత్రం నేనే చెప్తాను.

ఇది మడత పెడుతుంటే అన్నయ్య లేచొచ్చాడు. బూట్లతో సహా అంతా చెప్పేశాను. నా పక్కనున్న స్పానరు తీసుకుని, కింద కూర్చోలేక గోడ పట్టుకుని వంగి, రెండో మడ్‌గార్డు తనే విప్పిచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది వదినా.